రెండు చెవుల బొమ్మ

నన్నెవరైనా "ఆర్టిస్టు గారూ" అని పిలిస్తే ఇప్పటికీ పక్కవాడిని పిలుస్తున్నారేమో అనుకుంటాను. నలభై ఏళ్ళు బోర్డులు రాసి బతికాను. కిరాణా కొట్లు, లాయర్లు, హోమియో డాక్టర్లు, చర్చి గోడల మీద వాక్యాలు, గుడి గోడల మీద దాతల పేర్లు. విజయవాడ వన్ టౌన్‌లో ఒకప్పుడు నా చేతిరాత లేని సందు లేదు. ఇప్పుడు వెతికినా ఒక్కటి దొరకదు, అన్నీ ఫ్లెక్సీలే. దానికి నేనేమీ ఏడవడం లేదు. ఎండకి వెలిసిపోయే రంగులతోనే కదా ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను.

మొన్న బొమ్మలు నేర్చుకునే పిల్లలు కొందరు వచ్చారు. అందులో ఒకమ్మాయి, "తాతగారూ, మీరు చైనావాళ్ళ నమ్మకాల మీద బొమ్మలు వేశారంట కదా, బెజవాడలో కూర్చుని అవి మీకెలా తెలిశాయండీ?" అని అడిగింది. వయసైంది, గుర్తు లేదని అబద్ధం చెప్పి టీ ఇచ్చి పంపించాను. అందుకని రాస్తున్నాను. ఎన్ని బోర్డులు రాశాను, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ మీకెందుకు? పనికొచ్చేది ఒక్కటే ఉంది నా దగ్గర. అది నేను చేసిన తప్పు.

మా గురువుగారి రెండు మాటలు

నాకు పని నేర్పింది నాంచారయ్య గారు. పెడన నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం ఇష్టం లేక వన్ టౌన్ వచ్చి బోర్డుల షాపు పెట్టుకున్నారు. చీరల అంచులు చూస్తూ పెరిగినవాడేమో, గీత వెంట్రుకవాసి వంకర పోతే ఒళ్ళు మండిపోయేది. చెయ్యి బంగారం. నోరు మాత్రం అబ్బో! "ఇది అక్షరమట్రా దానియేలూ, జెర్రి పాకిన జాడా?" అని నలుగురి ముందూ అనేవారు. మధ్యాహ్నం మళ్ళీ తన క్యారియర్లో పప్పు నాకే వడ్డించేవారు.

ఆయన చెప్పిన మాటల్లో రెండు మీకు చెప్పాలి. మొదటిది, మనిషి బొమ్మ వేస్తే ఎదురుగా చూడాలి. "డబ్బిచ్చినోడి కళ్ళల్లోకి చూడాలిరా బొమ్మ. పక్కకి చూసే బొమ్మ అప్పులోడు మొహం తప్పించినట్టు ఉంటది" అనేవారు. రెండోది, పాత రంగు గీకకుండా దాని మీద కొత్త రంగు వెయ్యకూడదు. కిందది ఎప్పటికైనా పైకొస్తుందని ఆయన భయం.

మొదటి మాట విని చెడ్డాను, రెండో మాట వినక చెడ్డాను. ఎలాగో చెబుతాను.

గబ్బిలాలు

డెబ్బైల మొదట్లో మా షాపుకి మూడు కొట్లు అవతల వాంగ్ డాక్టరుగారి పళ్ళ ఆస్పత్రి ఉండేది. చైనా పళ్ళ డాక్టరు అంటే చాలు, రిక్షావాళ్ళు ఇంకేమీ అడక్కుండా తీసుకెళ్ళి దింపేవారు. ఆయన భార్య పేరు లియెన్. మన నోళ్ళలో పడి లీనమ్మగారు అయిపోయింది. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి చేసుకుని, ఓడెక్కి కలకత్తా, అక్కణ్ణుంచి రైల్లో బెజవాడ. నేను ఎరిగేనాటికి ఆవిడ చీరే కట్టేది, ఆవకాయలో ఆవపిండి తక్కువైందని మా వీధి ఆడవాళ్ళకే వంకలు పెట్టేది.

ఏటా వాళ్ళ కొత్త సంవత్సరానికి ఇంట్లో అంటించుకునే బొమ్మలు పూర్వం కలకత్తా నుంచి వచ్చేవట. చైనాతో యుద్ధం తర్వాత అవి ఆగిపోయాయి. ఉత్తరాలూ ఆగిపోయాయి. వాళ్ళు ఊరు దాటాలంటే పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్ళాలి. అలా ఉండగా ఒకరోజు ఆవిడ మా షాపుకి వచ్చి, లోపలి గుమ్మం పైన ఎర్ర గబ్బిలాలు ఐదు వెయ్యాలంది.

మా గురువుగారి చేతిలో బ్రష్ ఆగిపోయింది. "గబ్బిలాలా? గబ్బిలం ఇంట్లో దూరితే శాంతి చేయించుకునే ఊరమ్మా ఇది!"

"మీకు కీడేమో గానీ నాంచారయ్య గారూ, మాకు అదే కలిసొచ్చుద్దండీ. ఐదు గబ్బిలాలంటే ఐదు భాగ్యాలు. ఆయుష్షు, ఐశ్వర్యం, ఆరోగ్యం, మంచి నడత, మంచి చావు."

"చావు కూడా భాగ్యమేనా?" అన్నాను నేను.

"అయినవాళ్ళ మధ్యన పోతే భాగ్యం కాదా?" అంది ఆవిడ.

సంగతి తెలిసి, వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన పరుగెత్తుకొచ్చాడు. బట్టల వ్యాపారి, పొద్దున్నే గల్లాపెట్టెకి దండం పెట్టకుండా నోరు తెరవని మనిషి. "డాక్టరమ్మా, మీరు పళ్ళు పీకుకోండి, నా ఇల్లు పీకకండి. గబ్బిలాలున్న కొంపలోకి రేపు ఎవడొస్తాడు?"

ఆ పని నా నెత్తిన పడింది. రెండు రోజులు కూర్చుని, చీర అంచు మామిడి పిందెల్లా రెక్కలు వంచి, గుండ్రంగా ఐదు వేశాను. ఇంటాయన వచ్చి కళ్ళజోడు సవరించుకుని, "ఆఁ, ఇవి సీతాకోకచిలకలు కదా! బాగున్నాయి" అన్నాడు. లీనమ్మగారు వేలితో ఐదూ లెక్కపెట్టుకుని నావైపు చూసి నవ్వింది. ఆవిడ కళ్ళకి గబ్బిలాలే. ఇద్దరినీ మెప్పించానన్న గర్వం నా తలకెక్కింది. కస్టమరు చెప్పినట్టు చెయ్యక్కర్లేదు, తెలివి ఉంటే చాలు అని ఆ రోజే నాలో పడింది.

అప్పటినుంచి ఏటా ఏదో ఒకటి వేయించుకునేది. ఆయుష్షుకి పీచ్ అనే చైనా పళ్ళు వెయ్యమంది. నేను చూడనిది ఎలా వెయ్యను? జామపండు వేసి ఎరుపు పులిమాను. నాలుగు వేస్తే ఆవిడ మొహం చిట్లించింది, నాలుగు వాళ్ళకి చావు అంకెట. మూలన ఐదోది ఇరికించాను. వాళ్ళ భాషలో చేపన్నా మిగులన్నా ఒకే పలుకట, ఏటా కలిమి మిగలాలని చేప వెయ్యమంటే మన కృష్ణలో దొరికే బొచ్చె చేపనే వేశాను. "ఇది మా ఊరి చేప కాదు దానియేలూ, పులుసు పెట్టుకునే చేప" అని నవ్వుతూనే గోడకి పెట్టుకుంది. మా పాస్టరుగారు ఇది తెలిసి, "దానియేలూ, ఇతరుల మూఢనమ్మకాలకి నువ్వు రంగులు పూస్తున్నావా?" అన్నారు. ఆ ఇంట్లో నాకు దొరికేది బొమ్మల పని ఒక్కటే కాదని ఆయనకి ఎలా చెప్పను?

మా అమ్మ నా పన్నెండో ఏట పోయింది. మాది ఇబ్రహీంపట్నం. అమ్మ రోజూ కొండపల్లి నడిచి వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ ఇంట్లో కొయ్యకి సుద్ద పూత పూసే కూలిపని చేసేది. ఆవిడ ఫొటో ఒక్కటి లేదు. తీయించుకోవాలని ఎవరికీ తోచలేదు. లీనమ్మగారు "తిన్నావా?" అని అడిగిన తీరు మా అమ్మ అడిగినట్టే ఉండేది. అంతే, అంతకంటే దాచడానికి ఏమీ లేదు.

ఒకసారి చెప్పింది, నేను ఎందుకని అడగలేదు

మూడో ఏడో నాలుగో ఏడో, కొత్త సంవత్సరానికి నెల ముందు ఆవిడ నన్ను పిలిచి, "ఈసారి మా అమ్మని వెయ్యి" అంది.

ఫొటో లేదు. వాళ్ళమ్మ బతికుందో లేదో కూడా తెలియదు. ఉత్తరం వచ్చి పన్నెండేళ్ళు దాటింది. బతికున్న తల్లికి ఏటా ఆయుష్షు కోరుకోవాలి, పోయిన తల్లికి ధూపం వేసి అన్నం పెట్టాలి. తెలియకుండా ఏది చేసినా తప్పే. బతికున్న మనిషికి ధూపం వేస్తే ఆయుష్షు తీసేసినట్టు. అందుకని ఆవిడ తల్లి బతికే ఉందని నిర్ణయించుకుంది. ఆ నిర్ణయానికి ఆనవాలుగా బొమ్మ కావాలి.

మధ్యాహ్నాలు పేషెంట్లు లేనప్పుడు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పేది. నుదురు వెడల్పు. ఎడం కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. చెవులకి పచ్చరాయి రింగులు. నవ్వబోయే ముందు గడ్డం కదులుతుంది. "మొహం కొంచెం పక్కకి తిప్పి వెయ్యి, ఒక చెవి కనపడకుండా" అని ఒకసారి అంది. ఒకే ఒక్కసారి. సరేనన్నాను.

పక్కకి తిప్పి రెండుసార్లు గీశాను. ప్రాణం రాలేదు. మూడోసారి గురువుగారి మాట తలుచుకుని ఎదురుగా గీశాను. ఒక్కసారిగా మనిషి వచ్చి కూర్చుంది! ప్లైవుడ్ మీద ఆయిల్ రంగులు వేశాను. గాటు, రింగులు, రెండు చెవులు. కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెప్పినదేదీ గుర్తు రాలేదు. చెయ్యి దానంతటదే పోయింది. నేను బడి నుంచి రాగానే పనిలోంచి తలెత్తి చూసే చూపు ఒకటుండేది మా అమ్మకి. వేస్తున్నప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. వేశాక తెలిసి కాసేపు బ్రష్ కడగడం మర్చిపోయాను.

నాంచారయ్య గారు బొమ్మని వెలుతురులోకి తిప్పి చూశారు. "వార్నిష్ కొట్టరా, ఇది నిలబడుద్ది" అన్నారు. ఆయన నోట అంత మెప్పు నేను మళ్ళీ వినలేదు.

కొత్త సంవత్సరం మూడు రోజులుందనగా బొమ్మ పట్టుకెళ్ళాను. లీనమ్మగారు గుడ్డ తీసి చూసింది. నవ్వు మొదలై ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తన చెవి మీదకి పోయింది.

"రెండు చెవులూ ఉన్నాయే" అంది.

"ఎదురుగా ఉంటేనే జీవం వచ్చిందండీ అమ్మగారూ..."

"ఎదురుగా, రెండు చెవులూ కనపడేలా, పోయినవాళ్ళని వేస్తారు మా ఊళ్ళో. ధూపం వెయ్యడానికి వేస్తారు. మా అమ్మని చంపేశావు దానియేలూ."

అరవలేదు. బొమ్మని గోడవైపు తిప్పి లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నీ తప్పు కాదులే, నీకు తెలీదు" అన్నారు. నా తప్పే. ఎందుకు పక్కకి తిప్పమంటున్నారండీ అని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. కస్టమరు చెప్పింది చెయ్యకపోయినా ఒక్కోసారి చెల్లుతుంది. ఎందుకు చెప్పాడో అడక్కపోతే మాత్రం చెల్లదు. గబ్బిలాల దగ్గర చెల్లింది కదా అని ఇక్కడా చెల్లుతుందనుకున్నాను.

సుద్ద

బొమ్మ వెనక్కి తెచ్చాను. "గీకేసి మళ్ళీ వెయ్" అన్నారు గురువుగారు, బ్లేడు నా చేతికిచ్చి బయటికి పోతూ.

బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. బొమ్మ నన్నే చూస్తోంది. పచ్చరాయి రింగులు వాళ్ళమ్మవి, చూపు మా అమ్మది. గీకలేకపోయాను. ఎంత పిరికిపంద అనుకున్నా సరే, గీకలేకపోయాను.

ఆయిల్ రంగు మూడు రోజుల్లో ఆరదు కూడా. అందుకని కొండపల్లి బొమ్మలవాళ్ళ పద్ధతి పట్టాను. ఎండిన వార్నిష్ మీద బూడిదతో మెల్లగా రుద్ది నునుపు పోగొట్టి, చింతగింజల బంకలో కలిపిన సుద్ద పూశాను. మా అమ్మ చేసిన పని అదే. ఎంత పల్చగా పూయాలో, ఎప్పుడు ఎండలో పెట్టాలో పక్కన కూర్చుని చూసినవాణ్ణి. మా అమ్మ చూపు మా అమ్మ పనితోనే కప్పేశాను. దాని మీద నీళ్ళ రంగులతో మొహం పక్కకి తిప్పి, ఒక చెవి దాచి వేశాను. మొదటిదాని అంత బాగా రాలేదు, కానీ బతికున్న మనిషి బొమ్మలా ఉంది.

"గీకావట్రా?" అన్నారు గురువుగారు.

"గీకానండీ."

ఆవిడకీ అదే చెప్పాను. ఆవిడ ఒక్క చెవి చూసుకుని, నా తల మీద చెయ్యి వేసి, కమలాపళ్ళు రెండు ఇచ్చింది.

ఆ తర్వాత ఏటా కొత్త సంవత్సరానికి ఆ బొమ్మ ముందు పళ్ళు పెట్టి, పొడుగ్గా తెగకుండా చేసిన సేమ్యాలు పెట్టి, తల్లికి ఆయుష్షు కోరుకునేది. ఏటా వానాకాలం నేను దుమ్ము తుడిచే వంకతో ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. చెమ్మకి ఎక్కడైనా సుద్ద లేచిందేమో చూసి, లేచినచోట రంగు అద్ది వచ్చేవాణ్ణి. ఆవిడ "చూడండి, మా అమ్మంటే దానియేలుకి ఎంత ఇదో" అని డాక్టరుగారితో అనేది. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉండేది. చావు బొమ్మ కింద పెట్టుకుని పైన ఆయుష్షు కోరుకోనిస్తున్నాను కదా! నాకు ఆ నమ్మకాలు లేవు అని మాత్రం అనకండి. అయిదేళ్ళు వానాకాలం అంతా నిద్ర సరిగా పట్టలేదు నాకు.

ఉత్తరం

డెబ్బైలు అయిపోవచ్చే రోజుల్లో, ఒక ఉదయం లీనమ్మగారు రిక్షా దిగి షాపులోకి వచ్చింది. చేతిలో తువ్వాలు చుట్టిన బొమ్మ. చేతులకి గాజుల్లేవు, ఎర్రటిదేదీ ఒంటి మీద లేదు.

కలకత్తాలో ఉన్న ఆవిడ మరిది ద్వారా ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ పోయింది. ఎప్పుడో కాదు, నేను ఆ బొమ్మ వెయ్యడానికి రెండేళ్ళ ముందే.

ఆవిడ బొమ్మని నా బల్ల మీద పెట్టింది. "దానియేలూ, ఇప్పుడు అమ్మని నావైపు తిప్పు" అంది.

నాంచారయ్య గారు చేతిలో పని పక్కన పెట్టేశారు. తిట్టినా కొట్టినా సరే అనుకుని చెప్పేశాను. "గీకలేదండీ అమ్మగారూ. మొదటి బొమ్మ కిందే ఉంది. మీకూ అబద్ధం చెప్పాను, గురువుగారికీ అబద్ధం చెప్పాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "తియ్యి" అంది.

గుడ్డ తడిపి రుద్దాను. పక్కకి తిరిగిన మొహం మెత్తబడి పాలలా కారిపోయింది. ముందు పచ్చరాయి రింగు వచ్చింది. తర్వాత దాచిన చెవి. కనుబొమ్మ మీద గాటు. చివరికి కళ్ళు. వార్నిష్ చెక్కుచెదరలేదు.

"అయితే ఇన్నేళ్ళూ లోపల నుంచి నన్నే చూస్తోందా అమ్మ?" అంది.

"ఆఁ, అమ్మగారూ."

ఏడ్చింది. పన్నెండేళ్ళూ, ఆ తర్వాతి ఏళ్ళూ దాచుకున్నదంతా మా రంగు డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని బొమ్మ మీదకి వంగి చూసింది.

"కానీ దానియేలూ, ఈ చూపు మా అమ్మది కాదు. ఆ రోజు కూడా అనుకున్నాను. ఎవరిది?"

అబద్ధాలు అయిపోయాయి నా దగ్గర. "మా అమ్మదండీ. ఫొటో లేదు మాకు. తెలీకుండా వచ్చేసింది. కావాలంటే కళ్ళు మార్చేస్తాను."

"వద్దు" అంది. "మీ అమ్మ పేరేంటి?"

"మరియమ్మండీ."

నా బల్ల మీద సన్న బ్రష్ తీసుకుని, నల్ల రంగులో ముంచి, బొమ్మ కింద కుడిపక్కన వాళ్ళ అమ్మ పేరు వాళ్ళ లిపిలో రాసింది. ఎడమపక్కన ఇంకో మూడు అక్షరాలు రాసింది. ఒక్కొక్కటి రాస్తూ పైకి చదివింది. మా, లి, యా. అప్పుడు సంచీలోంచి అగరొత్తులు తీసి, "ఇద్దరికీ వెలిగిద్దాం, రా" అంది. నేను చర్చి మనిషిని. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. మా గురువుగారు చెప్పులు విప్పి వెనక నిలబడ్డారు. గీకలేదని ఆయన నన్ను ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు.

మరో రెండేళ్ళకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కలకత్తా వెళ్ళిపోయారు. గబ్బిలాలు ఉన్నచోటే మిగిలాయి, ఇంటాయన సున్నం వేయించేవరకు. బొమ్మ ఆవిడ తనతో తీసుకెళ్ళింది. అది తీసుకెళ్ళాల్సిందే. కానీ మా అమ్మ మొహం ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్కచోటే. ఏ గోడ మీద ఉందో, ఎవరివైపు చూస్తోందో నాకు తెలియదు. ఒక్కసారి చూడాలని ఉంది. ఇంత వయసొచ్చినా ఉంది.

ఆ మూడు అక్షరాలు నాకు చదవడం రాదు. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నది మాత్రం ఆవిడ రాస్తున్నప్పుడే చేతికి పట్టింది. ఇప్పటికీ కొత్త బ్రష్ కొంటే, ఎలా ఉందో చూడ్డానికి మొదట రాసేది అవే.